సన్నరాత ఎక్కడ నిలుస్తుంది

పటాన్‌చెరు బజార్లో పెళ్లిళ్ల సీజన్‌లో ఏ డీటీపీ సెంటర్‌లో కూర్చున్నా ఒక మాట చెవిన పడుతుంది. "అన్నా, పిల్లా పిలగాని పేర్లు మాత్రం జర సన్నగ, చేత్తోని రాసినట్టు పెట్టు." కర్దనూర్ నుంచి వచ్చినవాళ్లయినా, ముత్తంగి, ఇస్నాపూర్‌ల నుంచి వచ్చినవాళ్లయినా అడిగేది అదే. ఆపరేటర్ అను ఫాంట్ల జాబితా తెరిచి బాపు స్క్రిప్ట్, ప్రకాష్ స్క్రిప్ట్, బ్రహ్మ స్క్రిప్ట్, రచన స్క్రిప్ట్ వరసగా మార్చి చూపిస్తాడు. ఒకటి ఖాయమవుతుంది. కార్డులు అచ్చయి ఇంటికొచ్చాక పేర్లు ముచ్చటగానే ఉంటాయి. విందు ఏ ఫంక్షన్ హాల్లోనో తెలుసుకోవడానికి మాత్రం తాత కళ్లద్దాలు వెతుక్కుంటాడు. పేర్లతో ఆగకుండా కార్డు మొత్తం అదే అక్షరంలో కొట్టించడం వల్ల వచ్చిన తంటా అది.

చేతిరాతను పోలిన ఫాంటు తెలుగులో ఎక్కడిదాకా వచ్చింది, అందులో సన్నగీతవాటి పస ఎంత, ఏ పనికి కుదురుతాయి, ఏ పనిని చెడగొడతాయి? ఈ ప్రశ్నను డిజైన్ స్టూడియోలో కంటే కర్దనూర్ లాంటి ఊళ్లో నిలబడి చూడటం మేలు. పొలాల పక్కన వెంచర్లు, వెంచర్ల పక్కన ఫ్యాక్టరీ షెడ్లు ఉండే పటాన్‌చెరు మండలంలో లగ్గం కార్డు, బోనాల ఫ్లెక్సీ, కంపెనీ గేటు నోటీసు, వాట్సాప్ ఆహ్వానం, అంగన్‌వాడీ గోడ రాత అన్నీ ఒకే రోజు కంటబడతాయి. వీటన్నిటికీ ఒకే ఫాంటు సరిపోదని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఎందుకు సరిపోదన్నదే చూడాల్సిన సంగతి.

నిజానికి తెలుగు గీత మొదట్లో సన్నదే. తాటాకు మీద గంటంతో రాసినప్పుడు గీత సాగినా, వంపు తిరిగినా మందం ఒక్కటే. రాశాక మసి పూసి తుడిస్తే గాటులో నలుపు నిలిచి అక్షరం తేలేది. ఒత్తితే లావు, తేలిస్తే సన్నం అనే వయ్యారం మొనదేరిన పాళీతో వచ్చింది. ఇంగ్లిష్ కాపర్‌ప్లేట్ రాత సొగసంతా అందులోనే ఉంది: కిందికి దిగే గీత లావు, పైకి ఎక్కే గీత వెంట్రుకంత. మాథ్యూ కార్టర్ 1960ల్లో తయారుచేసిన స్నెల్ రౌండ్‌హ్యాండ్ ఫాంటు, చార్లెస్ స్నెల్ అనే పాతకాలపు ఆంగ్ల రాత గురువు దస్తూరీ మీద ఆధారపడింది. మన పెళ్లి కార్డుల ఇంగ్లిష్ పక్కన వధూవరుల పేర్లు కనిపించే వాలు అక్షరాలు ఆ కోవలోవే. తెలుగు పక్క కూడా అలాగే ఉండాలని జనం అడగడం సహజం.

చిక్కు అక్కడే మొదలవుతుంది. ఇంగ్లిష్ వాలు రాతలో వెంట్రుకంత గీత ఎక్కువగా చేసే పని ఒక అక్షరాన్ని పక్క అక్షరానికి కలపడం. అది అచ్చులో మాయమైనా అక్షరం అక్షరంగానే ఉంటుంది. తెలుగు అచ్చులో అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకోవు. మన అక్షరం పక్కకు కాక పైకీ కిందికీ పెరుగుతుంది: నెత్తిన తలకట్టో గుడో, నడుమ ఒళ్లు, కింద ఒత్తు. సన్నం చేయాలని డిజైనర్ కూర్చుంటే ఆ సన్నదనం వెళ్లి పడేది ఈ చిన్న భాగాల మీదే. అర్థమంతా ఉండేది కూడా వీటిలోనే. ద కింద చిన్న గీటు ఉంటే ధ, లేకపోతే ద. ర కడుపులో చుక్క పడితే ఠ. ప కింద గీటు పెడితే ఫ. ప మీద తలకట్టు విడిగా నిలుస్తుంది, వ మీద ఒంటికి అతుక్కుంటుంది. సన్నరాతలో ఆ సందు కాస్త మూసుకుంటే చాలు, పద్మ వద్మ అవుతుంది. రాధ కాస్తా రాద అయిన కార్డు ఈ వాడలో ఎవరింట్లోనైనా దొరుకుతుంది. తప్పు టైపు చేసినవాడిది కాకపోవచ్చు, గీటు సిరాలో కరిగిపోయి ఉండొచ్చు.

ఏ తెలుగు రాత ఫాంటునైనా పరీక్షించాలంటే "లక్ష్మీ" అని కొట్టి చూడాలి. క నెత్తిన గుడిదీర్ఘం, కాళ్ల దగ్గర ష ఒత్తు, ఆ పక్కనో కిందనో మ ఒత్తు. ఒక్క అక్షరం స్థలంలో నాలుగు వస్తువులు. పాఠ్యపుస్తకాల ఫాంట్లలో ఇవి క్రమశిక్షణగా వరస కడతాయి. వాలు రాతలో తలకట్టు కుడికి ఎగురుతుంది, ఒత్తు ఎడమకు జారుతుంది, కింది వరసలోని గుడి వచ్చి పై వరసలోని ఒత్తును గుద్దుకుంటుంది. అందుకే సన్నరాతకు వరసల మధ్య ఎడం మామూలు కంటే బాగా ఎక్కువ ఇవ్వాలి. ఎడం ఇస్తే కార్డు చాలదు, ఇవ్వకపోతే ముద్ద. లక్ష్మి లేని పెళ్లి కార్డు మన దగ్గర ఎన్ని ఉంటాయి? అమ్మాయి పేరులో లేకపోతే అమ్మమ్మ పేరులో, అక్కడా లేకపోతే పైన వేసే నరసింహస్వామి పక్కన ఉండనే ఉంటుంది.

ఇక "చేతిరాత" అన్న మాట. ఈ ఫాంట్లలో ఏదీ మామూలు మనిషి దస్తూరీ కాదు. అవి చిత్రకారులు బొమ్మలా గీసిన అక్షరాలు. తెలుగువాళ్లు నిజంగా గబగబా రాసుకున్న రాత గొలుసుకట్టు. కరణాలు కలం ఎత్తకుండా, ఒక అక్షరం తోకతోనే తర్వాతి అక్షరం తల మొదలుపెట్టి లెక్కలు, దస్తావేజులు నింపిన రాత అది. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యాక దాన్ని చదవగలిగినవాళ్లు కరువయ్యారు. కర్దనూర్ వైపు కథ ఇంకో రకం. నిజాం ఏలుబడిలో ఇక్కడి రెవెన్యూ కాగితాల భాష ప్రధానంగా ఉర్దూ, రాత షికస్తా, అంటే ఉర్దూ రాసే నస్తాలీక్ లిపిని విరిచి పరుగెత్తించిన రాత. ఔటర్ రింగు రోడ్డు వచ్చి భూముల ధరలు చుక్కలనంటాక పాత సేత్వార్లు, 1954-55 నాటి ఖాస్రా పహాణీలు లాంటి భూమి రికార్డులు పట్టుకుని ఉర్దూ చదివేవాళ్ల కోసం తిరిగే రైతులు, బ్రోకర్లు ఈ చుట్టుపక్కల కొత్త కాదు. ఒక గీత ఎటు వాలిందో చెప్పగలిగిన ముసలాయన మాట మీద ఎకరాలు నిలబడతాయి. ఈ రెండు రాతల్లోనూ అందం ఉంది, వేగం ఉంది, అచ్చమైన చేతి నడక ఉంది. డీటీపీ సెంటర్ జాబితాలో మాత్రం గొలుసుకట్టు కనిపించదు. ఎవరూ అడగరు కూడా. చేతిరాతలా ఉండాలని అడిగేవాళ్లు కోరేది చేతిరాతను కాదని, చేత్తో గీసిన ముస్తాబునని దీన్నిబట్టి తేలిపోతుంది.

ఆ ముస్తాబుకు తెలుగులో చిరునామా బాపు. 1933లో నరసాపురంలో పుట్టి 2014లో చెన్నైలో కన్నుమూసిన సత్తిరాజు లక్ష్మీనారాయణ పుస్తకాల అట్టల మీద, కార్టూన్ల కింద, సినిమా టైటిళ్లలో రాసిన అక్షరాలు జనానికి ఎంత అలవాటయ్యాయంటే ఆ వాలు చూస్తే చాలు, సంతకం అక్కర్లేదు. ఆయన బతికుండగానే ఆ రాత ఫాంటుగా మారి ఊరూరా పాకింది. ఇప్పటికీ పెళ్లి కార్డు, గృహప్రవేశం కార్డు, కర్రీ పాయింట్ బోర్డు, సంక్రాంతి శుభాకాంక్షల ఫ్లెక్సీ అన్నిట్లోనూ అదే. ఆ రాత ఇన్ని చోట్ల చెల్లడానికి అది సన్నగా లేకపోవడమే ఒక కారణమని నా లెక్క. అందులో కదలిక ఉంది, చురుకు ఉంది, కానీ గీతకు కావలసినంత కండ కూడా ఉంది. అందుకే నాసిరకం అచ్చును సైతం తట్టుకుంటుంది. నాజూకు అని మనం అనుకునేది చాలాసార్లు గీత మందంలో ఉండదు, వంపు తిరిగే తీరులో ఉంటుంది.

అయితే బాపు గీసిన బోర్డుకీ బాపు ఫాంటులో కొట్టిన బోర్డుకీ తేడా "మమత" అనే పేరులో పట్టుబడుతుంది. చేత్తో రాస్తే ఆ రెండు మలూ ఒకేలా రావు. మొదటిది కాస్త లావుగా కూర్చుంటుంది, రెండోది తకు చోటిచ్చి ఒదిగిపోతుంది. ఫాంటులో రెండూ కవలలు. ఇలా పక్కపక్కనే వచ్చే ఏ జంట అక్షరాలైనా సరే, గుట్టు అక్కడ బయటపడుతుంది. ప్రపంచంలో ఈ సమస్యతో కుస్తీ పట్టినవాళ్లున్నారు. ఫ్రాన్స్‌లో రోజే ఎక్స్‌కొఫాన్ 1953లో విడుదలైన మిస్ట్రల్ కోసం సీసపు అచ్చుల్లోనే అక్షరాలు ఒకదానికొకటి అతుక్కునేలా చేశాడు. హెర్మన్ జాఫ్ తన దస్తూరీ మీద కట్టిన జాఫీనో 1998లో వచ్చింది. అందులో ఒకే అక్షరానికి పలు రూపాలుంటాయి. ఇప్పటి ఓపెన్‌టైప్ ఫాంట్లలో పక్క అక్షరాన్ని చూసి రూపం మార్చుకునే ఏర్పాటు మామూలైపోయింది. తెలుగు రాత ఫాంట్లలో దాన్ని వాడుకోవడం ఇంకా చాలా తక్కువ.

ఎందుకు తక్కువ? సగం కారణం పాత సరంజామా. అను ఫాంట్లు యూనికోడ్‌కు ముందు పద్ధతివి. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన గళ్లలో తెలుగు ముక్కల్ని కూర్చిపెట్టి, తలకట్టు ఒక ముక్క, ఒళ్లు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్కగా అతికిస్తాయి. గళ్లు రెండొందల పైచిలుకే కాబట్టి ఒకే తలకట్టు ముక్క ఎన్నో అక్షరాల నెత్తిన కూర్చోవాలి. లావు అక్షరాల్లో అతుకు కనపడదు. సన్నరాతలో కనపడుతుంది. కోరల్‌డ్రాలో అక్షరాన్ని కర్వ్స్‌గా మార్చి కంబైన్ చేస్తే, రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట తెల్లటి రంధ్రం పడుతుంది. అనుభవం ఉన్న ఆపరేటర్ కంబైన్ జోలికి పోడు, వెల్డ్ చేస్తాడు. కొత్త కుర్రాడు చేసిన కార్డును వెలుగులో పెట్టి చూస్తే ప్రతి గుడి మొదట్లోనూ సూదిమొనంత తెలుపు. ఇంత చికాకు ఉన్నా అను ఎందుకు పోలేదంటే, షాపుల్లో పని అంతా దాని మీదే అలవాటుపడింది. చివరి వెర్షన్ 2001లో వచ్చిన పేజ్‌మేకర్‌ను ఇంకా నమ్ముకున్నవాళ్లున్నారు. దానికి యూనికోడ్ తెలుగు తెలియదు. పాత ఫొటోషాప్‌లు యూనికోడ్ ఒత్తుల్ని విడగొట్టి పారేసేవి. ఆ భయం కొత్త వెర్షన్లు వచ్చాక కూడా పోలేదు.

యూనికోడ్ వైపు చూస్తే సంఖ్య పెరిగింది, సన్నరాత పెరగలేదు. సిలికానాంధ్ర సంస్థ చొరవతో వచ్చిన ఫాంట్లు, అంటే గిడుగు, గురజాడ, మల్లన్న, మండలి, పెద్దన, రామభద్ర, సూరన్న, తిమ్మన వంటివి, ఎవరైనా ఉచితంగా వాడుకునే లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. అందులో చేతిరాత విభాగంలోకి వచ్చేది లక్కిరెడ్డి. అది శీర్షికలకు, పోస్టర్లకు ఉద్దేశించినది, నాజూకు కోవలోది కాదు. సన్నగీతే కావాలంటే అప్పాజీ అంబరీష దర్భ చేసిన చతురలో థిన్ అనే పలచని రూపం ఉంది, ఏక్ టైప్‌వాళ్ల అనేక్ తెలుగులోనూ ఉంది. కానీ చతుర పేరుకు తగ్గట్టే నిలువు పెట్టెల్లాంటి అక్షరం. అనేక్ నున్నటి ఆధునిక అక్షరం. ఈ రెంటిలోనూ సన్నదనం ఉంది, చెయ్యి లేదు. చెయ్యి ఉన్నవి అను పెట్టెలో, సన్నవి యూనికోడ్‌లో ఉండిపోయాయి. రెండూ కలిసినది కావాలన్నవాడు చివరికి ఏదో అను స్క్రిప్టును బొమ్మగా మార్చి వాడుకుంటున్నాడు.

మన పక్కనే ఉన్న ఉర్దూ ఇంతకంటే కష్టమైన పని చేసి చూపించింది. నస్తాలీక్‌లో అక్షరాలు అతుక్కోవడమే కాదు, మాట మొత్తం కుడి పైనుంచి ఎడమ కిందికి జారుతుంది. పాకిస్తాన్‌కు చెందిన మిర్జా అహ్మద్ జమీల్ దాదాపు 20,000 అక్షర కూర్పులను విడివిడిగా చేత్తో రాసి నూరీ నస్తాలీక్‌కు రూపమిచ్చాడు. 1981లో లాహోర్ జంగ్ పత్రిక దానితో అచ్చయింది. 1994లో మన దేశంలో తయారైన ఇన్‌పేజ్ ఆ రాతను బల్ల మీది కంప్యూటర్‌లోకి తెచ్చింది. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో వరసగా కూర్చుని రాసే కాతిబ్‌ల చేతి పని ఆ దెబ్బకు పత్రికల నుంచి తప్పుకుని పెళ్లి కార్డులకూ, ఫలకాలకూ పరిమితమైంది. ఇందులో నష్టం లేదని అనను. కానీ ఫాంటు వచ్చాక ఉర్దూ పత్రిక నస్తాలీక్‌లోనే మిగిలింది, దాన్ని వదులుకుని గట్టి అరబిక్ అచ్చుకు మారాల్సిన గతి పట్టలేదు. తెలుగుకు 20,000 అక్కర్లేదు. 36 హల్లులకు 12 చొప్పున గుణింతాలు వేసుకుంటే 432. అచ్చులు, ఒత్తులు, సున్నా, అంకెలు కలిపి అయిదారు వందల రూపాలు. తలకట్టుకు నాలుగు, గుడికి మూడు ప్రత్యామ్నాయాలు చేర్చినా ఒక మనిషి కూర్చుని చేయలేని పని కాదు.

ఇప్పుడు వాడకాలకు వద్దాం. పెళ్లి కార్డులో సన్నరాత నప్పుతుంది, ఒక షరతు మీద: పైన శ్రీరస్తు వరస, నడుమ రెండు పేర్లు, అంతే. ముహూర్తం, వేదిక, ఫోన్ నంబర్లు మామూలు నిలువు అక్షరంలో ఉండాలి. కాగితం నున్నగా ఉండాలి. గరుకు హ్యాండ్‌మేడ్ కాగితం మీద స్క్రీన్ ప్రింటింగ్ చేస్తే సన్నగీత మధ్యలో తెగిపోతుంది. బంగారు రేకు అద్దకంలో దీనికి వ్యతిరేకం, రేకు పక్కకు పాకి ఒత్తుల కడుపులు మూసుకుంటాయి. మెరూన్ కార్డు మీద తెల్ల అక్షరాలు, షాపు భాషలో రివర్స్, ఇంకా ప్రమాదం. చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకి ఉన్న కాస్త గీతను మింగేస్తుంది.

ఫ్లెక్సీకి సన్నరాత అసలు పనికిరాదు. సైన్‌బోర్డుల వాళ్ల లెక్కలో పది అడుగుల దూరం నుంచి చదవాలంటే ఇంగ్లిష్ అక్షరం అంగుళం ఎత్తుండాలి. పైనా కిందా గుడులూ ఒత్తులూ ఉన్న మన అక్షరానికి అంతకంటే ఎక్కువే కావాలి. ముంబై హైవే మీద బండిలో పోయేవాడికి స్థానిక నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలు సన్నరాతలో చెబితే ఫొటో కనపడుతుంది, పేరు కనపడదు. నాయకులకు ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. అందుకే వాళ్ల పేర్లు ఎప్పుడూ లావు అక్షరాల్లో, అంచుకు ఇంకో రంగు కట్టి ఉంటాయి. ఎనామిల్ డబ్బాలతో గోడలు రాసిన పెయింటర్లు ఈ పాఠం ఎప్పుడో నేర్చారు. వాళ్ల కుంచె రాతలో వయ్యారం ఉండేది, నీడ ఉండేది, సన్నగీత ఉండేది కాదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర సంగతి ఇష్టాయిష్టాలకు సంబంధించింది కాదు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ ప్రకారం నోటీసులు ఇంగ్లిష్‌లోనూ, అక్కడి కార్మికుల్లో ఎక్కువమందికి తెలిసిన భాషలోనూ, అందరికీ కనపడే చోట పెట్టాల్సి ఉండేది. పాశమైలారం, పటాన్‌చెరు షెడ్లలో ఆ ఎక్కువమంది ఎవరన్నది షెడ్డును బట్టి మారుతుంది. తెలుగు, హిందీ, ఒడియా మూడూ పక్కపక్కనే రాసిన బోర్డులుంటాయి. తెలుగు చదవడం కూడబలుక్కుంటున్న బిహారీ కుర్రాడికీ, చదువు నాలుగో తరగతితో ఆగిన మన ఊరి పెద్దమనిషికీ ఒకే అక్షరం అందాలి. సాల్వెంట్ డ్రమ్ము మీద "మండే ద్రవం" అన్న మాటను ముస్తాబు చేయకూడదు. యాజమాన్యం పంపే దసరా శుభాకాంక్షల కార్డుకు బాపు స్క్రిప్ట్ వాడుకోవచ్చు, ఎవరికీ నష్టం లేదు.

ఫోన్ తెర మీద సన్నరాత రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. మంచి తెర మీద, అసలు ఫైలులో, కాగితం మీద కంటే బాగుంటుంది. సిరా పాకదు, గీత తెగదు. వాట్సాప్‌లో బొమ్మగా నాలుగు గ్రూపులు తిరిగేసరికి నొక్కుడు పడి అంచులు చెదిరి, గీతల చుట్టూ మరకలు కడతాయి. పీడీఎఫ్‌గా పంపితే ఈ బాధ ఉండదు. కానీ పీడీఎఫ్‌ను నొక్కి తెరిచే ఓపిక మేనమామలకు ఉండదు కాబట్టి అందరూ బొమ్మే పంపుతారు.

అచ్చమైన చేతిరాత ఫాంటు అవసరం నిజంగా ఉన్న చోటు బడి. చుక్కలు కలిపి దిద్దే అక్షరాల కాగితాలు అంగన్‌వాడీల్లో, ఒకటో తరగతుల్లో వాడతారు. వాటిలో చాలావరకు అచ్చు ఫాంటునే చుక్కలుగా మార్చి పెడతారు. అచ్చు అక్షరానికి చెయ్యి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. క ను ఏ వైపు నుంచి తిప్పాలి, తలకట్టు ముందా వెనకా, ఒత్తు ఎప్పుడు పెట్టాలి అన్నవి ఒకే మందం సన్నగీతతో, మొదలు దగ్గర చుక్క పెట్టి, చేతి నడకను చూపే ఫాంటులోనే తెలుస్తాయి. నాజూకు గీతకు ఇంతకంటే అసలైన పని నాకు కనపడదు. పెళ్లి కార్డుల బేరం ఉన్నంత డబ్బు ఇందులో లేదు కాబట్టి ఆ ఫాంటు ఇంకా చిన్న ప్రయత్నాల దగ్గరే ఆగి ఉంది.

సన్నరాతకు సరైన ఫాంటు వచ్చేదాకా పెళ్లి కార్డులకు డీటీపీ సెంటర్లలో నడిచే మందు ఒకటుంది. సన్నరాతలో పేరు కొట్టి, అదే రంగు అవుట్‌లైన్ పిసరంత తగిలిస్తారు. తెర మీద తేడా తెలియదు, స్క్రీన్ ప్రింటింగ్‌లో సిరా లాగినప్పుడు గీత తెగకుండా నిలబడుతుంది. ఎక్కువ తగిలిస్తే ధ కింది గీటు ఒంట్లో కలిసిపోతుంది. అందుకని ముందు ఒక్క కార్డు లాగి, అందులో ధ, ఠ, ఫ, లక్ష్మీ చూసుకున్నాకే మిగతా అయిదొందలూ లాగుతారు.